తిన్నాడు సరే, రోడ్లు వేశాడు కదా... మరి హ్యూయీ లాంగ్ లెక్క ఎక్కడ తేల్చాలి?

దాన్ని ‘డిడక్ట్ బాక్స్’ అనేవాళ్లు. మన మాటలో కోతల పెట్టె. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల జీతాల్లో నుంచి నూటికి అయిదు, ఒక్కోసారి పది చొప్పున కోసి, ఆ నోట్లన్నీ అందులో వేసేవాళ్లు. బ్యాంకు ఖాతా లేదు, రసీదు లేదు. ఎన్నికల ఖర్చంతా అందులో నుంచే. ఇదేమీ దాపరికంగా జరిగిన వ్యవహారం కాదు, ఉద్యోగం ఇప్పించింది మేమే కాబట్టి పార్టీకి మీరు ఇవ్వాలి అన్నంత బాహాటంగా నడిచింది. 1935 సెప్టెంబరులో ఆ పెట్టె యజమాని చనిపోయాడు. పెట్టె మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

ఆ యజమాని పేరు హ్యూయీ లాంగ్. 1928 నుంచి 1932 దాకా లూసియానా గవర్నర్. గవర్నర్ అంటే మన దగ్గరి గవర్నర్ అనుకోకండి, అక్కడ ఓట్లతో గెలిచి రాష్ట్రాన్ని నడిపేది గవర్నరే, మన లెక్కలో ముఖ్యమంత్రి. తర్వాత సెనేటర్‌గా వాషింగ్టన్ వెళ్లాడు కానీ లూసియానా పగ్గాలు మాత్రం ఒక్కరోజు కూడా వదల్లేదు. 42 ఏళ్లకే తుపాకీ గుండు తగిలి పోయాడు. ఆయన గురించి రాసినవాళ్లూ మాట్లాడినవాళ్లూ ఎక్కువగా రెండు గట్ల మీద నిలబడతారు. నియంత అనేవాళ్లు ఒక గట్టు. ‘తింటే తిన్నాడు, పని చేశాడు కదా’ అనేవాళ్లు ఇంకో గట్టు. ఈ రెండో మాట వినడానికి మనం లూసియానా దాకా పోనక్కర్లేదు, టీకొట్టు దగ్గర నిలబడితే చాలు. నాకైతే ఆయన పనుల లెక్క ఆయన బతికున్న ఏడేళ్లలో తేలదు అనిపిస్తుంది. పోయాక వచ్చిన నాలుగేళ్లలో తేలుతుంది. ఆ నాలుగేళ్ల దగ్గరికి వెళ్లేముందు బురద గురించి చెప్పుకోవాలి.

అవును, బురద. హ్యూయీ గవర్నరయ్యే నాటికి లూసియానా మొత్తం మీద గట్టిగా వేసిన రోడ్డు సుమారు 330 మైళ్లు. మిసిసిపీ లాంటి మహానది పారే రాష్ట్రంలో చెప్పుకోదగ్గ పెద్ద వంతెనలు మూడంటే మూడు. చమురు ఉంది, పత్తి ఉంది, చెరకు ఉంది, న్యూ ఆర్లీన్స్ లాంటి రేవు ఉంది. కానీ రాజకీయం అంతా తోటల యజమానులు, న్యూ ఆర్లీన్స్ ముఠా, స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ మధ్యే తిరిగేది. రాష్ట్రంలో డెమోక్రాట్లదే రాజ్యం కాబట్టి ఆ పార్టీ ప్రైమరీలో, అంటే అభ్యర్థిని ఎంచుకునే పార్టీ లోపలి ఎన్నికలో, గెలిచినవాడే గవర్నర్, అసలు ఎన్నిక ఉత్తి లాంఛనం. పేద తెల్ల రైతుకు ఓటుంది గానీ ఆ ఓటుతో ఒరిగిందేమీ లేదు. నల్లవాళ్లకైతే ఆ ఓటు కూడా దాదాపు లేదు.

హ్యూయీ 1893లో ఉత్తర లూసియానాలోని విన్‌ఫీల్డ్‌లో పుట్టాడు. అక్కడ జిల్లాను పారిష్ అంటారు, ఆయనది విన్ పారిష్, పెద్దగా పండని నేల. కుర్రతనంలో ఊరూరా తిరిగి సరుకు అమ్మే సేల్స్‌మన్ పని చేశాడు. పత్తిగింజల నూనెతో చేసిన కాటలీన్ అనే వంటకొవ్వు అమ్మడానికి ఊళ్లలో వంటల పోటీలు పెట్టేవాడు. ష్రీవ్‌పోర్ట్‌లో అలా పెట్టిన కేకుల పోటీలోనే రోజ్ మెకానెల్ పరిచయమై, తర్వాత భార్య అయ్యింది. ఈ సేల్స్‌మన్ ఉద్యోగాన్ని చాలామంది తమాషాగా చెప్పి వదిలేస్తారు గానీ నా దృష్టిలో ఆయన రాజకీయ చదువంతా అక్కడే అయింది. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎవరికి ఏం కడుపుమంట ఉంది, ఏ మాటకు నవ్వుతారు, ఏ మాటకు తలుపేస్తారు అన్నది వీధి వీధి తిరిగినవాడికి తెలిసినట్టు ఆఫీసులో కూర్చున్నవాడికి తెలియదు. లా కాలేజీలో ఏడాది కూడా పూర్తిగా ఉండకుండానే 1915లో, 21 ఏళ్ల వయసులో, పరీక్ష రాసి లాయరయ్యాడు. 25 ఏళ్లకు, రైళ్లు, ఫోన్ల ఛార్జీలు చూసే రాష్ట్ర రైల్‌రోడ్ కమిషన్‌కు ఎన్నికయ్యాడు. అక్కడ కూర్చుని టెలిఫోన్ కంపెనీతో ఛార్జీలు తగ్గించే కేసు సుప్రీంకోర్టు దాకా వాదించి గెలిచాడు. ఊళ్లలో జనానికి ఆ పేరు గుర్తుండిపోయింది.

1924లో మొదటిసారి గవర్నర్ పదవికి నిలబడి మూడో స్థానంలో ఆగిపోయాడు. పోలింగ్ రోజు వాన. ఆయన ఓట్లన్నీ పల్లెల్లో, పల్లెల్లో రోడ్లు లేవు, రైతులు బండి కట్టుకుని ఆ బురదలో పోలింగ్ బూత్‌కు రాలేకపోయారు. ఒక పల్లె పెట్టె మొదట తెరిస్తే 61 ఓట్లలో 60 ఆయనవే. పక్కనున్నవాళ్లు సంబరపడుతుంటే హ్యూయీ మాత్రం ఓడిపోయాం అన్నాడట, వంద ఓట్లు రావాల్సిన చోట అరవై వచ్చాయంటే మిగిలినవాళ్లు ఇళ్లలోనే ఉండిపోయారని. రోడ్డు లేకపోవడం వల్ల ఎన్నిక ఓడిపోయానని నమ్మినవాడు గెలిచాక మొదట ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు.

1928లో గెలిచాడు. ప్రచారంలో సెయింట్ మార్టిన్‌విల్ అనే ఊళ్లో ఒక పాత ఓక్ చెట్టు కింద చేసిన ప్రసంగం చాలా పేరుపొందింది. ఎవాంజలిన్ అనే అమ్మాయి ప్రియుడి కోసం ఎదురుచూసిందని చెప్పుకునే చెట్టు అది. ఎదురుచూసి ఎదురుచూసి నిరాశపడింది ఎవాంజలిన్ ఒక్కతే కాదు, మీరూ ఎదురుచూస్తున్నారు కదా, మీ పిల్లల కోసం మీరు ఎదురుచూసిన బడులేవి, రోడ్లేవి, ఆసుపత్రులేవి అని అడిగాడు. ఇందులో సేల్స్‌మన్ కనిపిస్తాడు, నిజమే. కానీ ఆ ప్రశ్నలకు ఎదుటిపక్షం దగ్గర జవాబు లేదు కదా. అక్కడే నాకు ‘జనాన్ని మాటలతో మోసం చేశాడు’ అనే వాదన నచ్చదు.

ఎందుకంటే చెప్పినవి చేశాడు. బడి పిల్లలందరికీ పాఠ్యపుస్తకాలు ఉచితం అన్నాడు. అంతకుముందు పుస్తకం కొనలేక బడి మానేసిన పిల్లలు ఎందరో. చమురు, గ్యాస్, కలప లాంటివి నేలలో నుంచి తీసినందుకు వేసే పన్నుతో ఆ పుస్తకాలు కొన్నాడు. లూసియానాలో కాథలిక్కులు ఎక్కువ, వాళ్ల పిల్లలు చర్చి బడుల్లో చదువుతారు, చర్చి బడికి ప్రభుత్వ డబ్బు ఇస్తే రాజ్యాంగం ఒప్పుకోదు. ఆయనేం చేశాడంటే, పుస్తకం బడికి ఇవ్వడం లేదు, పిల్లాడికి ఇస్తున్నాం అన్నాడు. 1930లో అమెరికా సుప్రీంకోర్టు సరేనంది. తెలివి అంటే అదీ. ఇంకో ముచ్చట కూడా ఉంది. ష్రీవ్‌పోర్ట్ ఉన్న కాడో పారిష్ పెద్దలు మాకు ఉచిత పుస్తకాల గతి పట్టలేదు, మేం తీసుకోం అన్నారు. అదే సమయంలో ఆ ఊరికి సైన్యం వైమానిక స్థావరం రావాల్సి ఉంది, దానికి రాష్ట్రం నుంచి భూమి అనుమతి కావాలి. పుస్తకాలు కొనుక్కునేంత డబ్బున్న ఊరికి వైమానిక స్థావరం ఎందుకులెండి అని హ్యూయీ ఫైలు పక్కన పెట్టాడు. పుస్తకాలు తీసుకున్నారు. స్థావరం వచ్చింది.

మీరు ఈ కథ చదివి నవ్వారా? నేనూ నవ్వాను. పుస్తకాలు ఎవరి చేతికి వచ్చాయో ఆ పిల్లల వైపు నుంచి చూస్తే న్యాయమే జరిగింది. కానీ చేసిన పద్ధతి పేరు బెదిరింపు. మంచి పనికి వాడినప్పుడు ఎవరికీ అభ్యంతరం అనిపించదు, అలవాటు మాత్రం అప్పుడే పడుతుంది, చేసేవాడికీ చూసేవాళ్లకీ.

రోడ్ల సంగతీ అలాగే. 3 కోట్ల డాలర్ల బాండ్లతో, అంటే ప్రభుత్వం చేసే అప్పుతో, మొదలుపెట్టి, రోడ్లన్నీ ఒకే చోట వరసగా వేయకుండా ఒక్కో పారిష్‌లో అయిదు మైళ్లు, పది మైళ్లు ముక్కలు ముక్కలుగా వేయించాడు. ఇంజనీర్లకు ఇది పిచ్చిపనిలా కనిపిస్తుంది. కానీ బండి మీద బురదలో ఊగుతూ వచ్చి ఒక్కసారిగా కాంక్రీటు మీదకెక్కి, అయిదు మైళ్లు హాయిగా పోయి, మళ్లీ దభీమని బురదలో పడిన రైతు తర్వాత బాండ్లకు ఓటు వేయకుండా ఉంటాడా? పెద్దవాళ్లకు రాత్రి బడులు పెట్టాడు, లక్షమంది దాకా అక్షరాలు నేర్చుకున్నారు. ఆ బడుల్లో నల్లవాళ్లూ ఉన్నారు. లూసియానా స్టేట్ యూనివర్సిటీని పెద్దది చేశాడు, దానికి మెడికల్ కాలేజీ తెచ్చాడు.

ఇక 1929. శుద్ధి చేసిన చమురుపై పీపాకు 5 సెంట్ల పన్ను వేస్తానన్నాడు. స్టాండర్డ్ ఆయిల్‌కు తగలాల్సిన చోట తగిలింది. శాసనసభలో అభిశంసన మొదలైంది. మార్చి 25 సాయంత్రం సభను వాయిదా వేయడానికి ఓటింగ్ పెడితే ఎలక్ట్రిక్ బోర్డు మీద ఓట్లు తప్పుగా పడ్డాయి. వద్దని ఓటేసినవాళ్లకు కూడా ఔనని వెలిగింది. అంతే, బల్లల మీదకెక్కారు, పిడిగుద్దులు, ఒక సభ్యుడి నుదురు చిట్లి రక్తం. ఆ రోజును ఇప్పటికీ బ్లడీ మండే అంటారు. హత్యకు పురమాయించాడన్న దాని దగ్గర్నుంచి బూతులు మాట్లాడాడన్న దాని దాకా అన్నీ కలిపి ఆరోపణలు తయారుచేశారు, కొన్ని దిగువ సభలో నెగ్గి రాష్ట్ర సెనేట్‌కు వెళ్లాయి. అక్కడ ఉన్నది 39 మంది. తొలగించాలంటే మూడింట రెండొంతులు, అంటే 26 కావాలి. హ్యూయీ లెక్క వేసుకున్నాడు, 14 మంది చేతిలో ఉంటే చాలు. 15 మంది చేత ఒక కాగితం మీద సంతకాలు పెట్టించాడు. ఈ ఆరోపణలు చట్టప్రకారం చెల్లవు కాబట్టి సాక్ష్యం ఏదొచ్చినా మేం దోషి అని ఓటెయ్యం అని. విచారణ అక్కడితో సరి. ఆ పదిహేను మందిలో చాలామందికి తర్వాత పదవులో, కాంట్రాక్టులో ఏదో ఒక ఫలహారం అందింది.

ఇంతకుముందు పని జరగాలంటే ‘దయచేసి’ అనేవాణ్ని, ఇప్పుడు అడ్డొచ్చినవాటిని డైనమైట్ పెట్టి పేలుస్తాను అని ఆయనే చెప్పుకున్నాడు. కాడో పారిష్ కథ గుర్తుంచుకుంటే ‘దయచేసి’ అన్న రోజులు ఎప్పుడున్నాయో మరి! అయినా 1929 తర్వాత మార్పు నిజమే. ప్రత్యర్థుల తప్పు కూడా ఇక్కడ పెద్దది. పనికొచ్చే ఆరోపణలను పనికిరాని వాటితో కలిపి, వెనక ఆయిల్ కంపెనీని పెట్టుకుని, అభిశంసన అనే ఆయుధాన్ని మొద్దుబార్చి పారేశారు. నిజంగా అవసరం పడిన 1934లో అది ఎవరి చేతికీ రాలేదు.

1930లో అమెరికా సెనేట్‌కు గెలిచాడు గానీ ఏడాదికి పైగా వాషింగ్టన్ వెళ్లలేదు. వెళ్తే లెఫ్టినెంట్ గవర్నర్, అంటే ఉప గవర్నర్, పాల్ సిర్ కుర్చీ ఎక్కుతాడు, ఆయనకూ ఈయనకూ పడదు. సిర్ ఒకరోజు తనంతట తానే గవర్నర్‌గా ప్రమాణం చేసేశాడు. హ్యూయీ రాష్ట్ర సైనిక దళమైన నేషనల్ గార్డ్‌ను దించి, గవర్నర్‌గా ప్రమాణం చేశావు కాబట్టి నీ లెఫ్టినెంట్ పదవి పోయింది, గవర్నర్‌వి ఎలాగూ కాదు అని రెంటికీ చెడ్డ రేవడిని చేశాడు. చివరికి 1932లో చిన్ననాటి స్నేహితుడు ఆస్కార్ అలెన్‌ను గెలిపించుకున్నాకే రాష్ట్రం వదిలాడు. కిటికీలో నుంచి ఆకు ఒకటి ఎగిరొచ్చి బల్ల మీద పడితే అలెన్ దాని మీద కూడా సంతకం పెట్టేశాడని హ్యూయీ తమ్ముడు ఎర్ల్ చెప్పిన జోకు. రాష్ట్ర రాజధాని బ్యాటన్ రూజ్‌లో 450 అడుగుల ఎత్తు, 34 అంతస్తుల కొత్త క్యాపిటల్, అంటే రాష్ట్ర శాసనసభ భవనం, కట్టించాడు. అమెరికా రాష్ట్రాల్లో అంత ఎత్తయిన క్యాపిటల్ ఇప్పటికీ ఇంకోటి లేదు.

ఆయన ఢిల్లీ లెవెల్ రాజకీయం, అదే వాషింగ్టన్ లెవెల్‌ది, నేను ఎక్కువ చెప్పను. 1934లో ‘షేర్ అవర్ వెల్త్’ అని కోటీశ్వరుల ఆస్తికి హద్దు పెట్టి ప్రతి కుటుంబానికీ కనీసం 5,000 డాలర్ల ఆస్తి ఉండాలన్నాడు. దేశమంతా క్లబ్బులు వెలిశాయి. లెక్క మాత్రం కుదిరేది కాదు, ఎందుకంటే ధనికుల ఆస్తి ఎక్కువగా ఫ్యాక్టరీలూ రైళ్లూ షేర్లూ, కోసి పంచడానికి అవి కేకులు కావు. 1935 జూన్‌లో సెనేట్‌లో పదిహేను గంటలకు పైగా ఆపకుండా మాట్లాడాడు, మధ్యలో వేయించిన ఆయిస్టర్లు ఎలా వండాలో కూడా చెప్పాడు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు మాత్రం ఇది నవ్వులాట కాలేదు, 1936లో ఓట్లు చీలుస్తాడని టెన్షన్ ఉండేది.

అసలు చూడాల్సింది అప్పుడు లూసియానాలో ఏం జరుగుతోందన్నది. హ్యూయీ సెనేటర్, రాష్ట్ర శాసనసభలో సభ్యత్వం లేదు. అయినా సభలోకి వచ్చి నిలబడి బిల్లులు నడిపించేవాడు, పదులకొద్దీ బిల్లులు ఒక్క ఊపులో పాసయ్యేవి, చదివినవాళ్లు ఎందరో దేవుడికెరుక. ఊళ్లలో పోలీసులు, ఫైర్ సిబ్బంది, చివరికి టీచర్ ఉద్యోగాలు కూడా స్థానిక సంస్థల చేతిలో నుంచి రాష్ట్రం గుప్పిట్లోకి వచ్చాయి. వారానికి 20,000 ప్రతులకు పైగా అమ్ముడుపోయే పత్రికల ప్రకటనల ఆదాయం మీద 2 శాతం పన్ను వేశాడు. ఆ లెక్కలోకి వచ్చినవి దాదాపు అన్నీ ఆయన్ను తిట్టే పత్రికలే. అబద్ధాల మీద పన్ను అని చమత్కరించాడు. 1936లో సుప్రీంకోర్టు కొట్టేసింది, అప్పటికి ఆయన లేడు. స్టాండర్డ్ ఆయిల్‌పై అయిదు సెంట్ల పన్ను చివరికి 1934లో తెచ్చాడు, తెచ్చిన కొన్నాళ్లకే రాజీపడి అందులో నాలుగు సెంట్లు వెనక్కి ఇచ్చేలా ఒప్పుకున్నాడు. అదే ఏడాది సన్నిహితులు ‘విన్ ఆర్ లూజ్’ అనే చమురు కంపెనీ పెట్టి ప్రభుత్వ భూముల లీజులతో వ్యాపారం చేశారు. దాంట్లో హ్యూయీకి వాటా ఉంది. ‘పేదల మనిషి’ అన్న బోర్డు కింద ఈ దుకాణం.

ఓటు పన్ను ఎత్తేశాడని మెచ్చుకుంటారు. ఏడాదికి డాలర్ కట్టలేక ఓటుకు దూరమైన పేద తెల్లవాళ్లకు అది పెద్ద మేలే. నల్లవాళ్లకు తెల్లవాళ్ల ప్రైమరీ తలుపు మూసే ఉంది, దాని జోలికి ఆయన పోలేదు. పుస్తకాలిచ్చాడు, ఓటివ్వలేదు.

1935 సెప్టెంబరు 8 రాత్రి, తాను కట్టించిన ఆ క్యాపిటల్ భవనం వరండాలోనే కాల్పులు. ఆ సమావేశంలో మొదటి బిల్లు బెంజమిన్ పేవీ అనే జడ్జి నియోజకవర్గాన్ని చీల్చి ఆయన ఓడిపోయేలా చేసేది (అక్కడ జడ్జీలనూ ఓట్లతోనే ఎన్నుకుంటారు). పేవీ అల్లుడు, 28 ఏళ్ల డాక్టర్ కార్ల్ వైస్, హ్యూయీకి ఎదురెళ్లాడు. బాడీగార్డులు వైస్ ఒంట్లోకి అరవై గుండ్లదాకా దించారు. హ్యూయీకి తగిలింది వైస్ గుండా, గార్డుల గుండా అన్న వాదన ఇప్పటికీ ఆగలేదు. సెప్టెంబరు 10న చనిపోయాడు. క్యాపిటల్ ముందు తోటలోనే పూడ్చారు, చూడ్డానికి రెండు లక్షలదాకా జనం వచ్చారని అంచనా.

ఇప్పుడు ఆ నాలుగేళ్లు. హ్యూయీ కట్టిన యంత్రం చెక్కుచెదరలేదు. ఉద్యోగాలు, కాంట్రాక్టులు, లొంగిన శాసనసభ, అన్నీ ఎక్కడివక్కడే. మనిషి మాత్రం మారాడు. రిచర్డ్ లెష్ గవర్నరయ్యాడు. ఆయన అన్నట్టు చెప్పే మాట ఒకటుంది, ‘నేను ప్రమాణం చేసినప్పుడు పేదగా ఉంటానని ఒట్టు పెట్టుకోలేదు’ అని. 1939లో న్యూ ఆర్లీన్స్ పత్రిక ఒకటి ఒక ఫొటో వేసింది. ఊరి పక్కనున్న మెటైరీలో ఎవరిదో సొంత ఇల్లు కడుతున్నారు, అక్కడ కిటికీ చట్రాలు దించుతున్న లారీ చూస్తే స్టేట్ యూనివర్సిటీది. అంతే, ఆ లారీని పట్టుకు లాగితే డొంకంతా కదిలింది. యూనివర్సిటీ ప్రెసిడెంట్, అంటే మన వీసీ లాంటివాడు, యూనివర్సిటీ పేరు మీద డబ్బు తెచ్చి గోధుమల సట్టాలో పోగొట్టి కెనడా పారిపోయాడు. గవర్నర్ రాజీనామా చేశాడు, తర్వాత జైలుకెళ్లాడు. పట్టుకున్నది రాష్ట్ర వ్యవస్థలు కాదని గమనించాలి, ఎక్కువ పని కేంద్రం అధికారులూ పత్రికలూ చేసినదే. రాష్ట్రంలో పట్టుకోవాల్సిన చేతులన్నీ హ్యూయీ ముందే కట్టేశాడు కదా.

‘హ్యూయీ ఉంటే ఇలా జరిగేది కాదు’ అని ఆయన అభిమానులు అంటారు. ఒప్పుకుందాం. కానీ ఒక మనిషి బతికుంటేనే దొంగతనం అదుపులో ఉండే ఏర్పాటును ఏమంటాం? ఆయన తిన్నది ఎంత, కట్టింది ఎంత అని త్రాసులో వేయడం వల్ల ఈ ముక్క తప్పిపోతుంది. తానొక్కడే వాడగలిగిన కత్తిని పదునుపెట్టి, ఒరలేకుండా బల్ల మీద వదిలిపెట్టి పోయాడు.

జనం ఏమన్నారంటే, 1940లో సంస్కరణ పేరుతో వచ్చిన సామ్ జోన్స్‌ను గెలిపించారు. ఆయన ప్రభుత్వ ఉద్యోగాలకు సివిల్ సర్వీస్ పద్ధతి, అంటే సిఫారసుతో కాక అర్హతతో ఉద్యోగాలిచ్చే పద్ధతి, తెచ్చాడు, జీతాల్లో కోతలు ఆగాయి. ఎనిమిదేళ్లు తిరిగేసరికి అదే జనం ఎర్ల్ లాంగ్‌ను గవర్నర్‌ను చేశారు, ఆయన వృద్ధుల పెన్షన్ పెంచి, బడిలో వేడి భోజనం పెట్టి, సివిల్ సర్వీస్‌ను రద్దు చేశాడు. జనానికి బుద్ధి లేదని నగరాల పత్రికలు రాశాయి. నాకలా అనిపించదు. సంస్కరణవాళ్లు నిజాయితీ తెచ్చారు గానీ పల్లెకు ఏం తెచ్చారో చెప్పలేకపోయారు, లాంగులు ఏం తెచ్చారో రోడ్డు మీద నడిస్తే తెలుస్తుంది. 1948లో సెనేట్‌కు గెలిచిన హ్యూయీ కొడుకు రసెల్ 1987 దాకా అక్కడే ఉన్నాడు. ఎర్ల్ అయితే 1959లో గవర్నర్‌గా ఉండగానే మెంటల్ ఆసుపత్రిలో పెడితే, ఆసుపత్రుల డైరెక్టర్‌ను ఉద్యోగంలోంచి తీసేసి బయటికి వచ్చాడు. ఆ అన్నకు తగిన తమ్ముడే మరి.

న్యూ ఆర్లీన్స్ దగ్గర మిసిసిపీ మీద హ్యూయీ పేరుతో ఒక వంతెన ఉంది. ఆయన పోయిన మూడు నెలలకు, 1935 డిసెంబరులో తెరిచారు. మధ్యలో రైలు పట్టాలు, రెండు పక్కలా కార్లు. ఒక్కో కారు వరసకు వెడల్పు తొమ్మిది అడుగులే, పక్కన ఆగడానికి చోటే లేదు. పక్క వరసలో లారీ వస్తే స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ఊపిరి బిగబట్టాల్సిందే. అలా తిట్టుకుంటూనే డెబ్బై ఏళ్లకు పైగా దాని మీదే నది దాటారు. వెడల్పు చేసే పని 2013లో పూర్తయింది. పేరు మార్చమని మాత్రం ఎవరూ పట్టుబట్టలేదు.